రక్తం తక్కువన్నారు సరే, ఏ రకం తక్కువ?

పోయిన దాళ్వా ఊడ్పులప్పుడు ఒకే రోజు మా ల్యాబ్‌కి ఇద్దరొచ్చారు. ఒకావిడ వశిష్ఠ గోదావరి అవతల లంక నుంచి పంటు దాటి వచ్చిన కూలీ మనిషి, ముప్పై నాలుగేళ్ళు. ఇంకొకరు రిటైరైన టీచరమ్మ గారు. అరవై దాటాయి, షుగరుంది, గుడ్డు కూడా ముట్టరు. ఇద్దరిదీ ఒకటే మాట: "నీరసం బాబూ, నాలుగడుగులేస్తే ఆయాసం." ఇద్దరి సంచుల్లోనూ ఒకే రకం ఎర్ర ఐరన్ టానిక్ సీసా. మిషన్‌లో పెడితే ఇద్దరికీ హిమోగ్లోబిన్ 7.8.

అక్కడితో కాగితం మడిచేస్తే ఇద్దరిదీ ఒకే జబ్బు. అదే కాగితం ఇంకో నాలుగు గీతలు కిందికి చదివితే లంక ఆవిడ ఎర్రకణం సైజు 66, మరీ చిన్నది; టీచరమ్మ గారిది 114, మరీ పెద్దది. ఒకరికి ఇనుము అయిపోయింది, ఇంకొకరికి బి12 అయిపోయింది. టీచరమ్మ గారు ఆ టానిక్ మరో ఏడాది తాగినా రక్తం పట్టదు, ఈలోగా కాళ్ళ నరాలు పాడైపోతాయి.

నేను డాక్టర్ని కాను. ఇరవై రెండేళ్ళుగా కోనసీమలో రక్తం తీసి పరీక్షలు చేస్తున్న ల్యాబ్ టెక్నీషియన్ని. ఏ మందు వాడాలో చెప్పడం నా పని కాదు. కానీ ఏ పరీక్షకి డబ్బు పెట్టాలి, ఏది ముందు, ఏది అక్కర్లేదు అనేది రోజూ కౌంటర్ దగ్గర నన్ను అడిగేదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత తేలింది. అంటే ఇది చదివే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి పనికొచ్చే సంగతే.

ముందు, నిజంగా తక్కువేనా?

డెసీలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ మగవాళ్ళకి 13, ఆడవాళ్ళకి 12, గర్భిణికి 11, ఐదేళ్ళలోపు పిల్లలకి 11 గ్రాములు. వీటికి తగ్గితే రక్తహీనత అంటారు. వేలు పొడిచి చూసే మిషన్ ఊళ్ళో అందరినీ చూడడానికి బాగానే ఉంటుంది గానీ, చుక్క రాలేదని వేలు గట్టిగా పిండితే లెక్క మారిపోతుంది. ఆశా కార్యకర్త 9 అన్నారని, మా దగ్గర 10.2 వచ్చిందని గొడవకొచ్చినవాళ్ళున్నారు. అలాంటప్పుడు సూదితో నరం నుంచి తీసిన రక్తమే లెక్క.

కళ్ళ కింద రెప్ప లాగి చూడడం, గోళ్ళు పాలిపోయాయా అని చూడడం మంచిదే. రక్తం తక్కువ ఉందని దాన్ని బట్టి తెలుస్తుంది, ఏ రకమో తెలియదు. రకం పట్టించే గుర్తులు వేరే ఉన్నాయి. వాటిని అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, సిగ్గుపడతారు. పచ్చి బియ్యం నమలడం, సుద్దముక్కలు, బలపాలు, మట్టి తినాలనిపించడం ఇనుము లోటు వైపు చూపిస్తాయి. లంక ఆవిడ రోజూ చేటలో బియ్యం ఏరుతూ రెండు గుప్పిళ్ళు నమిలేస్తుందని వాళ్ళమ్మాయి నవ్వుతూ చెప్పింది. అరికాళ్ళు తిమ్మిర్లు, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, నాలుక నున్నగా ఎర్రగా మండడం బి12 వైపు. కళ్ళు పచ్చగా, మూత్రం ముదురు రంగులో ఉంటే కణాలు లోపలే పగిలిపోతున్నాయేమో చూడాలి.

అనీమియా ప్యాకేజీనా, ఒక్క సీబీసీనా?

ఈ మధ్య ప్యాకేజీలు అమ్ముతున్నారు. సీరం ఐరన్, టీఐబీసీ, ఫెరిటిన్, బి12, ఫోలేట్ అన్నీ ఒకేసారి. మా కౌంటర్ మీదా ఆ బోర్డు ఉంది, అయినా చెబుతున్నాను: ముందు సీబీసీ (రక్తకణాలన్నీ లెక్కపెట్టే మామూలు పరీక్ష) ఒక్కటీ చేయించండి, దాంతోపాటు స్మియర్ అడగండి. అది చేతికొచ్చాక తర్వాతి పరీక్ష ఏదో మీకే సగం తెలిసిపోతుంది.

సీబీసీలో మూడు అంకెలు చూడండి. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు సైజు. 80 నుంచి 100 మామూలు. ఆర్‌డీడబ్ల్యూ అంటే కణాల సైజుల్లో ఎంత తేడా ఉందో. కాస్త అటూఇటూగా 14.5 దాటితే చిన్నవీ పెద్దవీ కలిసున్నాయన్నమాట. మూడోది ఎర్రకణాల సంఖ్య. హిమోగ్లోబిన్ పక్కనే ఉంటుంది, ఎవరూ చూడరు. నా మటుకు నాకు ఆ మూడోదే ఇష్టం.

స్మియర్ అంటే గాజు పలక మీద చుక్క పరిచి సూక్ష్మదర్శినిలో చూడడం. మిషన్లు వచ్చాక చాలాచోట్ల మానేశారు. ఇనుము లోటులో కణాలు పెన్సిల్ ముక్కల్లా సన్నగా, మధ్యలో వెలిసిపోయి కనిపిస్తాయి. బి12 లోటులో కోడిగుడ్డు ఆకారపు పెద్ద కణాలు, తెల్లకణం కేంద్రకం ఐదారు ముక్కలుగా విడిపోయి ఉంటుంది. టీచరమ్మ గారి స్లైడు చూసినప్పుడు బి12 రిపోర్టు రాకముందే నాకు సంగతి తెలిసిపోయింది.

కణం చిన్నదైతే: ఫెరిటినా, హెచ్‌పీఎల్‌సీనా?

ఎక్కువమంది తప్పు దారి పట్టేది ఇక్కడే.

ఎంసీవీ 80కి తగ్గగానే "ఐరన్ తక్కువ" అని బిళ్ళలు రాసేస్తారు. చాలాసార్లు నిజమే. కానీ తలసీమియా క్యారియర్లకి, అంటే ఆ వంశపారంపర్య రక్త జబ్బుని తాము జబ్బు పడకుండా మోసేవాళ్ళకి, కూడా కణం చిన్నగానే ఉంటుంది. వాళ్ళకి ఇనుము తక్కువ ఉండక్కర్లేదు. హిమోగ్లోబిన్ తయారయ్యే తీరే పుట్టుకతో వేరు. వాళ్ళు ఆరోగ్యంగానే ఉంటారు. కాకపోతే జీవితాంతం "రక్తం తక్కువ" అనిపించుకుంటూ టానిక్‌లు తాగుతుంటారు.

తేడా పట్టడానికి ఓ పాత లెక్కుంది, మెంట్జర్ అనే డాక్టరు 1973లో చెప్పింది. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగించాలి. 13 కన్నా ఎక్కువొస్తే ఇనుము లోటు వైపు, తక్కువొస్తే తలసీమియా క్యారియర్ వైపు మొగ్గు. లంక ఆవిడకి ఎంసీవీ 66, కణాలు 3.9 మిలియన్లు. భాగిస్తే 17 దాకా వచ్చింది. ఇనుము లేకపోతే ఎముక మూలుగ కణాలు చేయలేక సంఖ్య తగ్గిపోతుంది. ఆ తర్వాత నెలలో ఓ ఇరవయ్యేళ్ళ అమ్మాయి వచ్చింది, పెళ్ళి కుదిరింది. హిమోగ్లోబిన్ 10.6, ఎంసీవీ 62, కణాలు 5.7 మిలియన్లు. భాగిస్తే 10.9. కణం చిన్నదే గానీ గుంపు పెద్దది. ఆర్‌డీడబ్ల్యూ కూడా మామూలుగానే ఉంది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు చిన్నవి. ఇనుము లోటులో అలా ఉండదు, పాత పెద్దవీ కొత్త చిన్నవీ కలిసి ఆర్‌డీడబ్ల్యూ పెరుగుతుంది.

ఈ లెక్క దారి చూపిస్తుంది, తీర్పు చెప్పదు. తీర్పుకి రెండు పరీక్షలున్నాయి. లెక్క 13 దాటినవాళ్ళు ముందు ఫెరిటిన్ చేయించండి. ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతో చెబుతుంది. 15 లోపు ఉంటే ఇంక అనుమానం లేదు; 30 లోపు ఉన్నా చాలామంది డాక్టర్లు లోటుగానే చూస్తారు. ఫెరిటిన్‌కి ఒక్క లోపం ఉంది: జ్వరం, ఇన్‌ఫెక్షన్, కీళ్ళవాతం ఏదున్నా అబద్ధంగా పెరిగిపోతుంది. జ్వరంలో చేయించి 90 వచ్చింది, ఇనుము బాగుంది అనుకోకండి. తగ్గాక చేయించండి, లేదా సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూపించే పరీక్ష) కలిపి చూడమనండి. సీరం ఐరన్ ఒక్కటే చేయించడం మాత్రం డబ్బు దండగ. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వస్తుంది. ముందురోజు బిళ్ళ వేసుకుంటే ఎగిరి కూర్చుంటుంది.

లెక్క 13కి తగ్గినవాళ్ళు, లేదా ఫెరిటిన్ బాగుండి కూడా ఎంసీవీ చిన్నగా ఉన్నవాళ్ళు హెచ్‌పీఎల్‌సీకి, అంటే హిమోగ్లోబిన్ రకాలని విడదీసి కొలిచే పరీక్షకి, వెళ్ళాలి. మా బోటి చిన్న ల్యాబుల్లో ఆ మిషన్ ఉండదు, శాంపిల్ కాకినాడకో రాజమండ్రికో పంపుతాం. అందులో హెచ్‌బీఏ2 అనే రకం 3.5 శాతం దాటితే బీటా తలసీమియా క్యారియర్ అన్నమాట. ఇనుము బాగా తక్కువున్నప్పుడు ఈ ఏ2 అబద్ధంగా కిందికి దిగి దొంగ నార్మల్ చూపించవచ్చు. అందుకే ఫెరిటిన్ కూడా దగ్గర పెట్టుకుని చదవాలి.

మన వైపు మేనరికాలు ఎక్కువ. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకునే ఇంట్లో ఒకరు క్యారియర్ అయితే రెండోవాళ్ళకీ అదే ఉండే అవకాశం బయటివాళ్ళకన్నా ఎక్కువ. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం బిడ్డకి తలసీమియా మేజర్ రావడానికి. ఆ బిడ్డకి నెలకోసారి రక్తం ఎక్కించాలి. జాతకాలకి పదిసార్లు తిరిగేవాళ్ళు ఈ ఒక్క పరీక్షకి మొహమాటపడతారు. పెళ్ళికి ముందు కుదరకపోతే గర్భం వచ్చిన మొదటి రెండు నెలల్లోనైనా చేయించుకోవాలి, అప్పుడు కడుపులో బిడ్డకి పరీక్ష చేయించే వ్యవధి మిగులుతుంది.

ఇనుము లోటే అని తేలింది. మరి ఇనుము ఎటు పోయింది?

బిళ్ళ మొదలెట్టగానే పని అయిపోయిందనుకుంటారు. కుండ చిల్లు మూయకుండా నీళ్ళు పోసినట్టే. ఆడవాళ్ళలో నెలసరి ఎక్కువ పోవడం మొదటి అనుమానం. గుడ్డ గంటకోసారి మార్చాల్సి వస్తోందా, గడ్డలు పడుతున్నాయా అని అడగాలి. చేలో వట్టి కాళ్ళతో దిగేవాళ్ళలో కొంకి పురుగులు రెండోది. తడి మట్టిలో ఉండే దాని పిల్లలు అరికాలి చర్మంలోంచి ఒంట్లోకి దూరి, చివరికి చిన్న పేగుని పట్టుకుని రక్తం తాగుతాయి. లంక ఆవిడ మలపరీక్షలో ఆ గుడ్లే కనిపించాయి. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల బిళ్ళ పెద్ద ఖర్చు కాదు, స్కూళ్ళలో పిల్లలకి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల దినమని వేసేది అదే. పెద్దవాళ్ళు మాత్రం "పిల్లల మందు మాకెందుకు" అంటారు.

మగవాళ్ళకి, ముట్లుడిగిన ఆడవాళ్ళకి ఇనుము తగ్గిందంటే నేను గట్టిగా చెబుతాను: టానిక్ కొనకండి, ముందు కడుపు చూపించుకోండి. మోకాళ్ళ నొప్పికి ఏళ్ళ తరబడి వేసుకునే బిళ్ళలు కడుపులో పుండు చేస్తాయి. మొలలని వదిలేసిన రక్తం వెనక పేగు క్యాన్సర్ ఉండొచ్చు. మలంలో కంటికి కనిపించని రక్తం పరీక్ష మొదటి మెట్టు, అది నెగటివ్ వచ్చినా డాక్టరు ఎండోస్కోపీ అంటే వాయిదా వేయకండి. "మగాడికి రక్తం తక్కువేంటండీ, పనెక్కువై అలా ఉంది" అని ఒకాయన ఏడాది నెట్టుకొచ్చాడు. ఆయన సంగతి ఇక్కడ రాయను.

కణం పెద్దదైతే: బి12నా, ఫోలేటా?

ఎంసీవీ 100 దాటితే ముందు మూడు ప్రశ్నలు. మందు తాగుతారా? థైరాయిడ్ ఉందా? ఏ బిళ్ళలు వాడుతున్నారు? తాగుడు వల్ల రక్తం తగ్గకుండానే కణం ఉబ్బుతుంది. షుగరుకి ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి, గ్యాసని రోజూ పొద్దున్నే పాంటోప్రజోల్ మింగేవాళ్ళకి బి12 పీల్చుకోవడం తగ్గిపోతుంది. టీచరమ్మ గారు రెండూ వాడుతున్నారు, పైగా శాకాహారం. బి12 చేపలు, గుడ్లు, మాంసం, పాలల్లోనే ఉంటుంది, ఆకుకూరల్లో ఉండదు. కాలేయంలో కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు ఇవాళ మొదలైతే రేపే తెలియదు.

ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ అలా కాదు, నిల్వ కొన్ని నెలలే. ఆకుకూరల్లో ఉంటుంది గానీ మనం ఉడికించి నీళ్ళు పారబోస్తాం. గర్భిణులకి, పేగు సరిగా పీల్చుకోనివాళ్ళకి త్వరగా పడిపోతుంది. ఈ పేగు జబ్బు మాట వస్తే మన భీమవరం గుర్తురావాలి. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనా ఆ జబ్బు పడి లేచినవాడే. తర్వాత అమెరికాలో లెడర్లీ లాబొరేటరీస్‌లో ఆయన జట్టు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని, అంటే ఈ ఫోలేట్‌నే, కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ గర్భిణులు మింగే ఎర్ర బిళ్ళలో ఇనుముతోపాటు ఉన్నది అదే. డెల్టాలో ఏ గర్భిణికి ఆ బిళ్ళ అందించినా నాకు ఆ ముక్క చెప్పాలనిపిస్తుంది. వినే తీరిక వాళ్ళకుండదు.

రెండిట్లో ఏది ముందు చేయించాలంటే, అనుమానం లేకుండా బి12. ఎందుకంటే బి12 లోటు ఉన్నవాళ్ళకి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం కాస్త పుంజుకున్నట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. 200 పికోగ్రాముల లోపు ఉంటే లోటు; 200, 300 మధ్య అయితే లక్షణాలు చూసి డాక్టరు తేలుస్తారు. టీచరమ్మ గారికి 96.

ఇక్కడ నా గోడు ఒకటుంది. పరీక్షకి రావడానికి ముందురోజే ఎక్కడో ఓ "బలం సూది" వేయించుకుని వస్తారు. ఒక్క సూదితో బి12 వెయ్యి దాటిపోతుంది, ఇంక ఆ పరీక్ష చేసినా ఒకటే, మానినా ఒకటే. ఐరన్ మొదలెట్టక ముందే ఫెరిటిన్‌కి, సూదికి ముందే బి12కి, రక్తం ఎక్కించక ముందే హెచ్‌పీఎల్‌సీకి శాంపిల్ ఇవ్వాలి. ఎవరిదో రక్తం ఎక్కాక హెచ్‌పీఎల్‌సీ చేస్తే మూడు నెలల దాకా ఆ దాత లెక్క కూడా కలిసొస్తుంది.

కణం మామూలుగానే ఉంటే

80, 100 మధ్య ఉండి రక్తం తగ్గితే క్రియాటినిన్ చూడండి. కిడ్నీ దెబ్బతింటే రక్తం తయారీకి కావలసిన హార్మోన్ తగ్గిపోతుంది. దీర్ఘకాల జబ్బులు, క్షయ కూడా ఇలాగే చేస్తాయి. అప్పుడు ఇనుము ఒంట్లో ఉన్నా వాడకానికి రాదు, ఫెరిటిన్ బాగానే కనిపిస్తుంది. ఇంకో మోసం: ఇనుము, బి12 రెండూ తక్కువైతే చిన్న కణం, పెద్ద కణం కలిసి సగటు 90 అని అమాయకంగా వస్తుంది. ఆర్‌డీడబ్ల్యూ మాత్రం ఆకాశంలో ఉంటుంది. స్మియర్ ఎందుకు అడగమన్నానో ఇదీ ఒక కారణం.

చిన్న ల్యాబులో ఆగకూడని సంగతులు

రక్తంతోపాటు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కూడా పడిపోతే ఆ రోజే పెద్దాస్పత్రికి. కళ్ళు పచ్చబడి రక్తం తగ్గితే ఎర్రకణాలు పగులుతున్నాయేమో చూసే రెటిక్ కౌంట్, బిలిరుబిన్, ఎల్‌డీహెచ్, కూంబ్స్ చేయించాలి. మన వైపు కళ్ళు పచ్చగా ఉంటే చాలు కామెర్లని పసరు పోయించడానికి తీసుకెళ్తారు. కాలేయం బాగానే ఉండి, ఎర్రకణాలు పగలడం వల్ల కూడా కళ్ళు పచ్చబడతాయని చెబితే నమ్మరు.

రంపచోడవరం, చింతూరు ఏజెన్సీ నుంచి పనులకి, చదువులకి డెల్టాకి వచ్చే గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) గురించి తప్పక అడగాలి. పిల్లాడికి మాటిమాటికీ ఎముకలు, కీళ్ళు విపరీతంగా నొప్పెడుతూ రక్తం తగ్గుతుంటే ముందు సాల్యుబిలిటీ పరీక్ష, తర్వాత హెచ్‌పీఎల్‌సీ. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేస్తున్నారు, కార్డు కూడా ఇస్తారు. ఆ కార్డు ఉంటే డాక్టరుకి చూపించండి.

బిళ్ళా, సూదా, సీసానా?

ఇది డాక్టరు తేల్చేది. నేను చూసినంతలో జనం కోరుకునే వరుస తలకిందులుగా ఉంటుంది. మొదట రక్తం సీసా, లేకపోతే సూది, ఏదీ కుదరకపోతే బిళ్ళ. ఇనుము లోటుకి మామూలు దారి బిళ్ళే. ఖాళీ కడుపున బాగా పడుతుంది, వికారంగా ఉంటే తిన్నాక వేసుకోవచ్చు, రోజు విడిచి రోజు కూడా పనిచేస్తుందని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు. టీ, కాఫీతో మాత్రం వద్దు, గంటా రెండు గంటలు ఎడం పెట్టండి. నిమ్మరసం మంచిది. విరేచనం నల్లగా వస్తే కంగారుపడి మానేయకండి, అది ఇనుమే. నాలుగు వారాల తర్వాత మళ్ళీ సీబీసీ చేయించండి. కనీసం ఒక గ్రామన్నా పెరగకపోతే బిళ్ళ వేసుకోవడం లేదు, లేదా రక్తం ఇంకా పోతోంది, లేదా జబ్బు పేరే తప్పు. హిమోగ్లోబిన్ 12కి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు వాడాలి. ఇక్కడే అందరూ మానేస్తారు.

బిళ్ళ పడనివాళ్ళకి, గర్భం మొదటి మూడు నెలలు దాటి రక్తం బాగా తక్కువున్నవాళ్ళకి నరంలోకి ఇచ్చే ఐరన్ ఉంది. ఆస్పత్రిలోనే చేయించుకోవాలి, ఇంటికి పిలిపించుకునేది కాదు. రక్తం సీసా చివరి మాట. గర్భిణికి 5 లోపు పడినా, గుండె దడ, ఆయాసం ఆగకపోయినా అది తప్పదు. బి12 లోటులో 7.8 ఉన్నా టీచరమ్మ గారికి సీసా ఎక్కించలేదు, సూదులతోనే ఆరు వారాల్లో 11కి వచ్చారు. తిమ్మిర్లు మాత్రం పూర్తిగా పోలేదు, ఆలస్యమైంది. లంక ఆవిడ నెల తర్వాత 9.4తో వచ్చింది. బియ్యం నమలడం మానేసిందట.

పెళ్ళి కుదిరిన అమ్మాయికి ఫెరిటిన్ 41, హెచ్‌బీఏ2 5.2 శాతం. క్యారియర్. పెళ్ళికొడుకు మేనత్త కొడుకు. వాళ్ళ నాన్నగారు మా కౌంటర్ దగ్గర చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, మర్నాడు కుర్రాణ్ణి మోటార్ సైకిల్ మీద వెంటబెట్టుకొచ్చారు. అతని ఎంసీవీ 86, హెచ్‌పీఎల్‌సీ నార్మల్. ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి తిరిగొస్తూ ఆ అమ్మాయి రెండేళ్ళుగా తాగుతున్న టానిక్ సీసా మా కౌంటర్ మీద పెట్టేసి వెళ్ళిపోయింది. ఇంకా సగం ఉంది.